కొక్కెం చూసే మనిషి

ఇవాళ సాయంత్రం పాప జడ విప్పి దువ్వుతుంటే దువ్వెన పళ్ల మధ్య ఎర్రటి పొడి కనిపించింది. మొదట కుంకుమ అనుకున్నాను. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలింది. వాసన చూశాను. తుప్పుపట్టిన ఇనుము, దానితో కలిసిన పాత సున్నం. మళ్లీ పాయలు విడదీసి మాడు దాకా వెతికాను. జుట్టు లాగుతున్నానని పాప గునిసింది. ఇవాళ బడిలో ఎక్కడ కూర్చున్నావని అడిగాను. కూర్చోలేదు, హాల్లో డ్యాన్సు ప్రాక్టీసు చేశామంది. హాల్లో ఎక్కడ నిలబడ్డావని అడిగితే దానికి గర్వం వచ్చేసింది. "మధ్యలోనే. వాళ్లందరూ రేకులమ్మా, నేను పువ్వు లోపల ఉండేదాన్ని. పెద్ద దీపం కరెక్టుగా నా నెత్తి మీదుంటది," అంది.

మా పిల్లలు చదివే బడి రేపల్లెలో ఒకప్పటి బియ్యం వ్యాపారి కట్టించుకున్న మేడలో నడుస్తుంది. కింది హాల్లో నడిమధ్యన ఒక పెద్ద గాజు దీపం వేలాడుతుంది. ఇత్తడి కొమ్మలు, వాటి చివర గాజు చిప్పలు, చుట్టూ లోలాకులు. రేపు సాయంత్రం వార్షికోత్సవం. దానికోసం ఆ దీపాన్ని దించకుండానే పైనుంచి కిందిదాకా బంగారు రంగు పూశారు. హాలు నాలుగు మూలల నుంచి రంగు కాగితాల తోరణాలు, సీరియల్ లైట్ల తీగలు లాక్కొచ్చి దాని కొమ్మలకే బిగించి కట్టారు. కదలకుండా వేలాడే ఇనుము నుంచి తుప్పు పొడిలా రాలదు. పైన కొక్కెం కదులుతోంది, చెక్కలో ఒరుసుకుంటోంది. అందుకే నా బిడ్డ నెత్తిన రాలింది.

పిల్లలిద్దరినీ పక్కింటివాళ్ల దగ్గర వదిలి కరస్పాండెంట్ గారింటికి వెళ్లాను. ఆయన కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు. చెప్పిందంతా విన్నట్టే కనిపించారు. పైకెక్కి కొక్కెం ఎవరైనా చూశారా అని అడిగితే, దానికి కూడా రంగు వేయించామన్నారు. ఈ ఒక్క రాత్రికి తోరణాలు విప్పి, దీపం కిందికి దించి, దూలం చూపించండని బతిమాలాను. ఆయన నవ్వారు. "మా తాతల నాటి నుంచి పడంది రేపే పడుద్దా అమ్మా? చదువుకున్నోళ్లు, మీరు కూడా ఇట్టా భయపడితే ఎట్టాగండీ," అన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు. ఆ మర్యాదే నాకు ఒళ్లు మండించింది. తిట్టినా బాగుండేది.

పిల్లలు పడుకున్నారు. నాకు నిద్ర పట్టదు, కోపం చల్లారదు. అందుకే రాయడానికి కూర్చున్నాను. రాయవలసింది కరస్పాండెంటు గురించి కాదు. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ పొడి వాసన పట్టగానే నాకు గుర్తొచ్చిన మనిషి గురించి. ఆమెలాంటివాళ్లు ఎక్కడా లేరు.

ఇంట్లో అందరూ నన్ను పిరికిదాన్నంటారు. గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూస్తాను. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు తలెత్తి ఫ్యాను చూస్తాను. పిల్లలు పుట్టాక నాకు ఈ జబ్బు ముదిరిందని మా అత్తగారు చుట్టాలకు చెబుతుంటారు. కానీ చిన్నప్పుడు నేను చీకట్లో నూతి గట్టు మీద కూర్చుని పాటలు పాడుకున్న పిల్లను. ఈ భయాన్ని నేను ఒక చోట ఉద్యోగం చేసి, చీవాట్లు తిని నేర్చుకున్నాను. నేర్పింది తెనాలి జైనబ్ ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క.

తెనాలిలో కాలువ వైపు వెళ్లే ఒక సందులో ఆమె షాపు ఉండేది. వాళ్ల తాత పెళ్లి ఊరేగింపులకు పెట్రోమాక్స్ లైట్లు అద్దెకిచ్చేవాడట. తండ్రి చుట్టుపక్కల పాత మేడల్లో గాజు దీపాలు బాగుచేసేవాడు. వాటిని వాళ్లు ఝూమర్లనేవారు. ఆపా పాలిటెక్నిక్‌లో చేరి, తండ్రి మంచాన పడ్డాక మధ్యలో మానేసి, ఆ పనే పట్టుకుంది. భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. అణకువ ఆమె పక్కనుంచి కూడా పోలేదు. కృష్ణ ఇవతల ఝూమర్ దించి మళ్లీ ఎక్కించగలిగింది తనొక్కతేనని, కావాలంటే వెతుక్కోమని వచ్చినవాళ్ల మొహం మీదే చెప్పేది. అది నిజమో కాదో నాకు తెలియదు. వెతుక్కోవడానికి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చేవారు.

నేను అప్పుడే బాపట్లలో బీయస్సీ పూర్తిచేసి, బీయీడీ సీటు రాక ఖాళీగా ఉన్నాను. మా మేనమామ ఆపా షాపులో వైరింగ్ పని చూసేందుకు మనిషి కావాలంటున్నారని చెప్పాడు. వెళ్లిన రోజు ఆమె నా సర్టిఫికెట్ల వైపు చూడలేదు. షాపులో వేలాడుతున్న ఝూమర్ చూపించి అదెందుకు పడకుండా ఉందో చెప్పమంది. నేను బరువు, గొలుసు, బిగువు అంటూ పుస్తకంలో చదివిందంతా ఒప్పజెప్పాను. చివరిదాకా వింది. "బానే చెప్పావు. నేను కూడా చదివానులే అదంతా. అసలు సంగతి నేను చెప్తా విను. ఇంకా పళ్లేదు కాబట్టి వేలాడతా ఉంది. అంతే," అని పెద్దగా నవ్వి, మర్నాటి నుంచి రమ్మంది. ఆ రోజు నుంచి నా పేరు బీయస్సీ అయిపోయింది. నా అసలు పేరు ఆమెకు గుర్తుండేదో లేదో కూడా అనుమానమే.

ఏ ఇంటికి పిలిచినా ఆమె దీపం వైపు చూసేది కాదు. ఇంటివాళ్లు గాజు ఎంత మంచిదో, ఏ దేశం నుంచి వచ్చిందో చెబుతుంటే నిచ్చెన తెమ్మనేది. పైకెక్కి కొక్కెం చూసేది, కొక్కెం దిగిన దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూసేది. అది బాగుంటేనే కిందకి దిగి గాజు గురించి మాట్లాడేది. తర్వాత ఒక్కొక్క లోలాకూ విప్పి కుంకుడు రసంలో కడిగేవాళ్లం. ఇత్తడి కొమ్మల్ని చింతపండుతో తోమేవాళ్లం. బట్ట చుట్టిన పాత తీగలు పీకి కొత్తవి కొమ్మల లోపలినుంచి పోనిచ్చేది నా పని. నా వేళ్లు సన్నగా ఉంటాయని ఆ ఒక్క విషయంలో మెచ్చుకునేది. అంతా అయ్యాక దీపం ఎక్కించే ముందు, దానికి రెట్టింపు బరువున్న ఇసుక బస్తాలు ఆ కొక్కేనికి కట్టి ఒక రాత్రి వదిలేసేది. పొద్దున్నే వచ్చి చూసేసరికి, కొక్కెం కింద పరిచిన తెల్ల గుడ్డ మీద రవ్వంత పొడి రాలినా ఆ రోజు దీపం ఎక్కదు. ఎవరు ఎంత గొడవ చేసినా ఎక్కదు.

ఎక్కిన రోజున ఇంకొకటి ఉండేది. వాళ్ల నాన్న పెట్టిన పద్ధతట. దీపం బిగించినవాళ్లు ఆ మధ్యాహ్నం దాని కిందే చాప వేసుకుని భోంచెయ్యాలి. ఇంటివాళ్లలో ఒకరు కూడా వచ్చి కూర్చోవాలి. దుగ్గిరాలలో ఒక పసుపు వ్యాపారి ఇంట్లో దీనిమీద పెద్ద రభస అయింది. వాళ్లు మాకు వరండాలో ఆకులు వేశారు. ఎందుకు వరండాలో వేశారో ఎవరూ నోటితో చెప్పలేదు, చెప్పనవసరం కూడా లేదు. నేను వెళ్లి కూర్చోబోతే ఆపా నా చెయ్యి పట్టుకుని లేపింది. ఆకులు దీపం కిందికి రావాలి, రాకపోతే ఇప్పుడే దించేస్తానంది. ఇంటాయన మొహం మాడిపోయింది. ఆడవాళ్లు తలుపుల వెనక్కి వెళ్లిపోయారు. అప్పుడు ఆయన తల్లి, నడుం వంగిన ముసలామె, గోడ పట్టుకుంటూ వచ్చి దీపం కింద తనే ముందు చతికిలబడింది. "పడితే ఇద్దరి మీదా పడుద్ది. రామ్మా, కూచో. ఆ పప్పు తెండే ముందు," అంది కోడళ్లతో. ఆపా ఆమె ఎదురుగా కూర్చుని, ఊళ్లో ఎవరింటా తిననంత తింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఆ ముసలామెకు తనకంటే ఎక్కువ పొగరుందని మెచ్చుకుంటూ వచ్చింది.

బాపట్ల సంగతి దీని తర్వాత ఏడాదికి జరిగింది. అక్కడ ఒక పాత సభాభవనం. పేరు రాయను. దాన్ని చూసుకునే కమిటీవాళ్లు ఎవరో పెద్దాయన వస్తున్నాడని భవనం అంతా బాగుచేయిస్తూ దీపం మాకు అప్పజెప్పారు. వారాల తరబడి అక్కడే పనిచేశాం. సముద్రపు గాలికి ఇత్తడి పచ్చగా పూసిపోయింది. ఆ పచ్చ వదిలేసరికి నా వేళ్లు పగిలాయి. చివరికి లోలాకులన్నీ తొడిగి నేలమీద స్టాండుకు నిలబెడితే, అది వెలగకుండానే వెలిగినట్టుండేది. ఆపా కూడా దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూసుకుంది.

కానీ మొదటి రోజు నుంచీ ఆమె ఒకే మాట చెబుతూ వచ్చింది. దూలం చెదలు తినేసింది, మార్చండి అని. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. అది నా కళ్లారా చూశాను, కమిటీ సెక్రటరీ కూడా చూశాడు. చెదలు లేని ఇల్లు ఏదంటూ దాటేశాడు. తీరా సభ రోజు దగ్గరపడ్డాక ఇసుక బస్తాలు కట్టనివ్వనన్నాడు. కొత్తగా రంగు పూసిన సీలింగ్ పాడవుతుందట. ఆపా నచ్చజెప్పడం మానేసింది. "అట్టయితే దీపం నేల మీదే పెట్టి వెలిగించుకోండి సార్. పైకి మాత్రం నా చేత్తో ఎక్కదు," అని సామాను సర్దింది. రైల్లో తెనాలి వచ్చేదాకా హుషారుగానే ఉంది. జోకులేసింది, సెక్రటరీ నడకను అనుకరించి చూపించింది. నాకైతే ఆమె ఒక యుద్ధం గెలిచి వస్తున్నట్టనిపించింది.

వాళ్లు మైకులు కట్టేవాళ్లను పిలిచి దీపం ఎక్కించారు. సభ బ్రహ్మాండంగా జరిగింది. ఆ మర్నాడు ఖాళీ హాలు ఊడుస్తున్న ఆయా మీద అది పడింది.

ఆమె పేరు మరియమ్మ. తల తప్పించుకుంది గాని కుడి భుజం నుజ్జయింది. ఆ చెయ్యి మళ్లీ చీపురు పట్టలేదు. మా షాపు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి ఫోను వచ్చింది. ఏం జరిగిందని అడగడానికి కాదు. మీరు బాగుచేసిన దీపం పడింది, వచ్చి సమాధానం చెప్పుకోండని. వెళ్లాం. ఆసుపత్రి వరండాలో అంతమంది ముందు సెక్రటరీ, "ఇట్టాంటి పని ఆడోళ్ల చేతికి ఇయ్యటం మాదే తప్పండి," అన్నాడు. అందరూ తలలూపారు. దూలం గురించి తెలిసిన కమిటీవాళ్లు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్లూ ఊపారు. 

ఆపా గర్జిస్తుందని నేను ఎదురుచూశాను. పప్పులో ఉప్పు తక్కువైతే వీధంతా వినపడేలా అరిచే మనిషి. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లి మరియమ్మ మంచం పక్కన నిలబడింది. మరియమ్మ మత్తులో ఉంది. ఆపా ఆమె కాళ్ల దగ్గర దుప్పటి సరిచేసి బయటికి వచ్చేసింది. నేను దూలం సంగతి వాళ్లందరి ముందు చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

తిరుగు రైల్లో ఆమెతో పోట్లాడాను. అంతకు ముందు ఎప్పుడూ ఆమెకు ఎదురు చెప్పలేదు. ఎందుకు నోరు మూసుకున్నావు ఆపా, తప్పు వాళ్లదని తెలిసీ ఎందుకు నీ మీద వేసుకున్నావు అని పెట్టెలో అందరూ చూస్తుండగా ఏడుస్తూ అరిచాను. ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ వింది. నేను అలిసిపోయాక మాట్లాడింది.

"ఎక్కించనన్నా. బానే ఉంది. మరి దాన్నాడ వదిలేసి ఎందుకొచ్చా? నేనొచ్చేస్తే వాళ్లెక్కించరా? ఎక్కిస్తారని నాకు తెలుసు బీయస్సీ. తెలిసే రైలెక్కా. నా చెయ్యి శుభ్రంగా ఉంటే చాలనుకున్నా. ఆ మరియమ్మ చెయ్యి పోయింది. ఆడనే ఉండాల్సింది. తిట్టి, నెట్టి, పోలీసుల్ని పిలిచిందాకా ఉండాల్సింది."

ఆ మాట అప్పుడు నాకు నచ్చలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. చెదలు పట్టిన దూలానికి తెలిసి తెలిసి బరువు వేలాడదీసినవాళ్లు హాయిగా ఉన్నారు. వద్దన్న మనిషి లోలోపల కుమిలిపోయింది. ఎవరి భారాన్ని ఎవరు మోశారు? ఆమె ఆ వరండాలో ఒక్కసారి నోరు తెరిచి ఉంటే మరియమ్మకు తన చెయ్యి ఎవరి వల్ల పోయిందో తెలిసేది. తర్వాత నేనే వెళ్లి మరియమ్మకు చెప్పాను. ఆమె విని, ఇప్పుడెవర్ని ఏమంటామమ్మా అంది. ఆపా మీద నాకున్న కోపం ఇదొక్కటే. ఆమె పోయినా ఇది పోలేదు.

ఊళ్లో మాట పాకింది. దీపాలు పడేసే ఆవిడ అన్నారు. పాత మేడలవాళ్లు పిలవడం తగ్గించారు. ఆ మేడలు కూడా ఒక్కొక్కటే పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేశారు. షాపులో ట్యూబులైట్లు, చోకులు అమ్మడం మొదలుపెట్టాం. నాకు పెళ్లయి రేపల్లె వచ్చేశాను.

పాప పుట్టినప్పుడు ఆపా చూడటానికి వచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూనే ఉయ్యాల వైపు కాకుండా పైకి చూసింది. మా ఆయన్ని స్టూలెక్కించి, ఉయ్యాల కొక్కెం ఊపి చూడమంది. అది గట్టిగానే ఉందని ఆయన అంటే, అరిచేతులతో పట్టుకుని వేలాడమంది. ఆయన ఆపా దగ్గర కొత్తల్లుడి మర్యాదలో ఉన్న మనిషి, కాళ్లు పైకి మడిచి వేలాడారు. మా అత్తగారు నోరు వెళ్లబెట్టారు. అప్పుడు దగ్గరికొచ్చి పిల్ల బుగ్గ ముట్టుకుని, నీ ముక్కు రాలేదులే, బతికిపోయిందంది. ఆ రోజు ఇల్లంతా నవ్వాం. ఆమెను మళ్లీ చూడలేదు. గుండెపోటుతో పోయిందని నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఆమె బిగించిన కొక్కేల కింద ఆడుకుని పెరిగారో ఎవరికీ తెలియదు. పడిన దీపం ఒక్కటే అందరికీ గుర్తుంది.

ఇందాక మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన డ్యూటీ మీద వేరే ఊళ్లో ఉన్నారు. నేను చెప్పింది నమ్మారు, అందుకు కృతజ్ఞురాలిని. జ్వరమని చెప్పి ఇద్దరినీ రేపు మానిపించెయ్, గొడవలెందుకు అన్నారు. సరేనన్నాను. ఫోను పెట్టేశాక గుండె తేలికపడింది కూడా. నా పిల్లలు ఆ హాల్లో ఉండరు. కాసేపు నిజంగానే ఇక పడుకోవచ్చనుకున్నాను.

అప్పుడు మిగతా పిల్లలు గుర్తొచ్చారు. పాప రాకపోతే టీచరు ఇంకో పిల్లను మధ్యలో నిలబెడుతుంది. పూజితనో, హసీనానో. వాళ్ల తల్లులు కూడా సాయంత్రం జడలు విప్పే ఉంటారు. దువ్వెనలో ఎర్ర పొడి చూసి దులిపేసి ఉంటారు. అదేమిటో వాళ్లకు ఎవరూ నేర్పలేదు. పూజిత వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, కొత్త డ్రెస్సు కుట్టించాం అక్కా, ఇప్పుడు వద్దంటే పిల్ల ఊరుకోదు, అయినా సార్ వాళ్లు చూసుకోరా అంది. సార్ వాళ్లు చూసుకుంటారు. బాపట్లలో కూడా చూసుకున్నారు.

తెల్లవారింది. ఆయన చెప్పమన్న జ్వరం ఎవరికీ రాలేదు. ఇద్దరినీ లేపి, స్నానాలు చేయించి, యూనిఫారాలు తొడిగాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇడ్లీ పెడుతూ చెప్పాను. "ఇవాళ అమ్మ కూడా మీతో బడికొస్తది. హాలు గుమ్మంలో అడ్డంగా కూర్చుంటది. సార్లు లెమ్మంటారు, అమ్మ లేవదు. అరుస్తారు, అయినా లేవదు. అందరూ చూస్తారు, మీ ఫ్రెండ్స్ నవ్వుతారు, మీకు బాగా సిగ్గేస్తది. వేస్తే వెయ్యనీండి. ఇంటికొచ్చాక నా మీద ఎంత అలిగినా పడతాను. కానీ నన్ను దాటుకుని ఆ హాల్లోకి మీరూ వెళ్లకూడదు, పూజితా వెళ్లకూడదు, ఎవ్వరూ వెళ్లకూడదు. ఎవరన్నా వెళ్లబోతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగండి. మీ అమ్మకి పిచ్చా అని అడిగితే అవునని చెప్పండి."